ఓపిక ఉన్నంత దూరం: పెద్ద జబ్బు తర్వాత క్యాంపింగ్, చిన్న చిన్న వ్యాపకాలు

పెద్ద జబ్బు చేసి గట్టెక్కిన మనిషికి ఇంటికొచ్చిన రోజు నుంచి అందరూ చెప్పే మాట ఒకటే: "ఏమీ చేయకు, రెస్ట్ తీసుకో." ప్రేమతో చెప్పే మాటే. కానీ ఆ రెస్ట్ ఎన్నాళ్లో, అందులో పగలంతా ఏం చేయాలో ఎవరూ చెప్పరు. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ రోజుకు ఒక లెక్క ఉంటుంది. తెల్లారగానే బీపీ చూస్తారు, రక్తం తీసుకెళ్తారు, డాక్టర్ రౌండ్స్‌కి వస్తారు, రిపోర్టు కోసం ఎదురుచూస్తూనే సాయంత్రం అయిపోతుంది. ఇంటికొచ్చాక ఆ లెక్క పోతుంది. మంచం, ఫోను, మందుల డబ్బా, కిటికీ, అంతే. గండం గడిచిందని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునే ఈ రోజుల్లోనే చాలామంది పేషెంట్లు లోలోపల కుంగిపోవడం మొదలుపెడతారు, ఎందుకో వాళ్లకే అర్థం కాదు, బతికి బయటపడ్డాం కదా ఇంకా ఈ దిగులేమిటని తమను తామే తిట్టుకుంటారు.

ఇలాంటి సమయంలో క్యాంపింగ్ మాట ఎత్తితే వింతగా అనిపించొచ్చు. టెంటు, అడవి, నేల మీద పడక ఇవన్నీ ఒంట్లో బాగున్నవాళ్ల సరదాలని అనుకుంటాం. సాహసం అనే మాట పక్కన పెట్టి, క్యాంపింగ్‌లో నిజంగా ఏం చేస్తారో చూడండి. ఒక మేకు దిగ్గొట్టడం, కాసిని నీళ్లు కాచుకోవడం, ఎండ జరిగితే కుర్చీని నీడలోకి జరుపుకోవడం, చీకటి పడకముందే టార్చి ఎక్కడుందో చూసిపెట్టుకోవడం. అన్నీ చిన్న పనులే, మొదలుపెడితే అయిపోయే పనులే, అయిపోయిందని చేసినవాళ్ల కంటికి కనిపించే పనులే. జబ్బుతో పోయేది బలం ఒక్కటే అనుకుంటే పొరపాటు. తన రోజు తన చేతుల్లో లేకుండా పోతుంది. ఎప్పుడు తినాలో, ఎప్పుడు పడుకోవాలో, ఎవరు చూడ్డానికి రావాలో అన్నీ పక్కవాళ్లు నిర్ణయిస్తుంటారు. దాన్ని తిరిగి చేతుల్లోకి తెచ్చుకోవడానికి ఈ చిన్న పనులు పనికొచ్చినట్టు పెద్ద ప్లాన్లు పనికిరావు.

ముందు రెస్ట్ సంగతి తేల్చుకుందాం. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఆరోగ్యంగా ఉన్న ఐదుగురు కుర్రాళ్లను మూడు వారాలపాటు మంచం దిగకుండా ఉంచి ఒక ప్రయోగం చేశారు. అంతలోనే వాళ్ల శరీరం ఆక్సిజన్‌ని వాడుకోగల గరిష్ఠ సామర్థ్యం నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ ఆ ఐదుగురినే పరీక్షించారు, ముప్పై ఏళ్ల వయసు చేసిన నష్టం కంటే ఆ మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది. ఐసీయూలో ఉన్నవాళ్ల విషయంలో ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో, ప్రాణాపాయంలో ఉన్న రోగుల తొడ ముందుభాగంలోని కండరం పది రోజుల్లోనే దాదాపు 18 శాతం సన్నబడిందని స్కాన్లలో చూశారు. కాబట్టి డిశ్చార్జి అయిన మనిషి బాత్రూము దాకా నడిచేసరికి కాళ్లు వణుకుతుంటే అది బద్ధకమూ కాదు, నటనా కాదు. కండ నిజంగానే కరిగిపోయింది. పడుకుంటే అది తిరిగి రాదు, కొంచెం కొంచెంగా వాడితేనే వస్తుంది.

అలాగని రెండో పక్కన ఉన్న గొయ్యి తక్కువ లోతుదేం కాదు. ఒకరోజు పొద్దున్నే కాస్త హుషారుగా అనిపిస్తుంది. ఇంకేం, పేరుకుపోయిన పనులన్నీ ఆ రోజే గుర్తొస్తాయి, బీరువా సర్దుతారు, బయటికెళ్లి వస్తారు, ఫోన్లు మాట్లాడతారు, సాయంత్రానికి "చూశారా, నాకేం కాలేదు" అంటారు. మర్నాడు లేవలేరు. ఆ తర్వాత రెండు రోజులూ మంచమే. మళ్లీ ఒక మంచి రోజు, మళ్లీ అదే కథ. రిహాబిలిటేషన్‌లో పనిచేసేవాళ్లు దీనికి విరుగుడుగా 'పేసింగ్' నేర్పుతారు. దాని కిటుకు చెప్పుకోవడానికి తేలిక, పాటించడానికి కష్టం: బాగున్న రోజున చేయగలిగిన దానికంటే తక్కువ చేయాలి, బాగాలేని రోజున కూడా ఏదో కాస్త చేయాలి, అలిసిపోయాక కాకుండా అలిసిపోకముందే ఆపాలి. తెలుగులో ఓపిక అనే మాటకు ఎటూ రెండర్థాలున్నాయి. "ఓపిక లేదు" అంటే ఒంట్లో సత్తువ లేదని, "ఓపిక పట్టు" అంటే తొందరపడొద్దని. కోలుకునే రోజుల్లో ఈ రెండు ఓపికలూ ఒకదాని మీద ఒకటి ఆధారపడి నడుస్తాయి.

చేతికి పని దొరికితే మనిషి తేరుకుంటాడన్నది ఇవాళ పుట్టిన ఆలోచన కాదు. జార్జ్ ఎడ్వర్డ్ బార్టన్ అనే అమెరికన్ ఆర్కిటెక్ట్ క్షయతో ఏళ్ల తరబడి బాధపడ్డాడు, కాలికి ఆపరేషన్ అయింది, ఆపైన శరీరం ఒక పక్క చచ్చుబడింది. తోటపని, వడ్రంగం చేసుకుంటూ మెల్లగా నిలదొక్కుకున్నాడు. తనకు పనిచేసింది ఇంకొకరికీ పనిచేస్తుందన్న నమ్మకంతో 1914లో న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే ఊళ్లో కన్సొలేషన్ హౌస్ పెట్టాడు. 1917 మార్చిలో అదే ఊళ్లో కొద్దిమంది కూర్చుని ఒక సంఘం ఏర్పాటు చేసుకున్నారు, ఈరోజు ఆస్పత్రుల్లో కనిపించే ఆక్యుపేషనల్ థెరపీ ఒక వృత్తిగా నిలబడింది అక్కడి నుంచే. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులకు బుట్టలల్లడం, నేయడం నేర్పించింది కూడా ఈ ఆలోచనతోనే.

పేరుమోసిన ఫ్రెంచ్ చిత్రకారుడు మటీస్ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1941లో పొట్టలో క్యాన్సర్‌కి పెద్ద ఆపరేషన్ అయ్యాక ఆయన జీవితం చాలావరకు మంచానికీ చక్రాల కుర్చీకీ పరిమితమైంది. బొమ్మ ముందు గంటలకొద్దీ నిలబడి గీయడం ఇక కుదరదు. దాంతో సహాయకుల చేత కాగితాలకు రంగులు వేయించుకుని, కూర్చున్నచోటే కత్తెరతో ఆకారాలు కత్తిరించడానికి దిగాడు. శరీరానికి సరిపోయేలా పనిని మార్చుకున్నాడు గానీ పని మానలేదు. మనం మటీస్‌లం కానక్కర్లేదు, ఆ కత్తెర మాత్రం ఎవరి చేతిలోనైనా ఇముడుతుంది.

ఇంతకీ కోలుకుంటున్నప్పుడు ఏ వ్యాపకం పెట్టుకోవాలి? దీనికి ఒక్క పరీక్ష చాలు: మధ్యలో వదిలేస్తే పాడవుతుందా? అల్లిక వరస మధ్యలో ఆపి వారం తర్వాత తీసినా అక్కడే ఉంటుంది. చెక్క ముక్కకు ఇసుక కాగితం రుద్దడం అంతే, విత్తనాలు నాటడం, ఆకుల బొమ్మలు గీసుకోవడం కూడా అంతే. అదే టైము పెట్టి ఆడే ఆటలు, ఎదుటివాళ్లు ఎదురుచూస్తూ ఉండేవి, గడువులు ఉన్నవి కొన్నాళ్లు పక్కన పెట్టడం మంచిది, ఎందుకంటే అవి ఆపాల్సిన క్షణంలో ఆపనివ్వవు. కీమో తర్వాత చాలామందికి మతిమరుపు, ఏకాగ్రత లేకపోవడం ఉంటాయి, చదివిన పేజీయే మళ్లీ చదువుతుంటారు, అలాంటప్పుడు లావుపాటి పుస్తకం ఓదార్పు కాకపోగా పరీక్షలా తయారవుతుంది. వేళ్లు తిమ్మిరెక్కేవాళ్లకు సన్నదారం బదులు లావు దారం, పెద్ద సూది పెట్టుకుంటే పట్టు దొరుకుతుంది. రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్లు చాకుతో చెక్క చెక్కే సరదాను డాక్టర్‌ని అడిగాకే పెట్టుకోవాలి.

వీటన్నిటిలో పక్షుల్ని చూడటం ప్రత్యేకం, దాని గురించి కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి. కుర్చీలో కూర్చుని, బైనాక్యులర్స్ కూడా లేకుండా, ఒక కొమ్మ వైపు చూస్తూ ఉంటే మొదటి ఐదు నిమిషాలు ఏమీ ఉండదు. తర్వాత ఒక పిట్ట వస్తుంది. ముక్కు కొమ్మకేసి అటొకసారి ఇటొకసారి రుద్దుతుంది, తోక రెండుసార్లు ఆడిస్తుంది, ఎగిరిపోయి మళ్లీ అదే కొమ్మ మీదకు అదే చోటికి వస్తుంది. ఎందుకు అదే కొమ్మ? ఈ ప్రశ్న బుర్రలోకి వచ్చిన నిమిషంలో తర్వాతి స్కాన్ గురించిన ప్రశ్న బుర్రలో లేదు. రేచెల్, స్టీఫెన్ కాప్లాన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1980లలో ఈ విషయాన్నే ఒక సిద్ధాంతంగా చెప్పారు. పట్టుబట్టి పెట్టే ధ్యాస అలిసిపోతుంది, కదిలే ఆకులు, నీళ్లు, మబ్బులు లాంటివి ధ్యాసను మెత్తగా పట్టి ఉంచుతాయి, ఆ సమయంలో అలిసిన ధ్యాస తేరుకుంటుంది అని. నెలల తరబడి రిపోర్టులూ, మందుల టైములూ, ఇన్సూరెన్స్ కాగితాలూ చూసి చూసి బుర్ర అరిగిపోయిన మనిషికి ఇది చాలా పెద్ద ఊరట.

ఇక బయట గడపడం వల్ల ఒంటికి ఏమైనా మేలు జరుగుతుందా అంటే, చెప్పుకోదగ్గ ఆధారాలు కొన్ని ఉన్నాయి. పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రోగుల రికార్డుల్ని రోజర్ అల్రిచ్ అనే పరిశోధకుడు పోల్చి 1984లో ప్రచురించాడు. కిటికీలోంచి చెట్లు కనిపించే గదుల్లో ఉన్నవాళ్లు ఇటుక గోడ కనిపించే గదుల్లోవాళ్ల కంటే ముందుగా ఇంటికెళ్లారు, ఘాటైన నొప్పి మందులు తక్కువ వాడారు. 2013లో కెనెత్ రైట్ బృందం అమెరికాలోని కొలరాడో కొండల్లో ఎనిమిది మందిని వారంపాటు కరెంటు దీపాలు, ఫోన్లు లేకుండా క్యాంపింగ్ చేయించింది, నిద్రను పిలిచే మెలటోనిన్ హార్మోన్ వాళ్ల ఒంట్లో సుమారు రెండు గంటలు ముందుగా ఊరడం మొదలైంది. ఇంగ్లాండ్‌లో దాదాపు 20,000 మందిని అడిగి 2019లో ప్రచురించిన సర్వేలో వారానికి కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపేవాళ్లు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు, ఆ నిమిషాలు ఒక్కసారే గడిపినా, ముక్కలు ముక్కలుగా గడిపినా తేడా కనిపించలేదు. వీటిని ఉన్నదానికంటే పెద్దవి చేసి చూడకూడదు. మొదటి రెండూ చిన్నవి, రైట్ ప్రయోగంలో ఉన్నవాళ్లు రోగులు కారు, మూడోదాంట్లో ఒంట్లో బాగున్నవాళ్లే ఎక్కువ బయటికి వెళ్తుండొచ్చు. కానీ ఐసీయూ లైట్ల కింద, స్టెరాయిడ్ల వల్ల నిద్ర తలకిందులైనవాళ్లకు పగటి వెలుతురు, రాత్రి చీకటి తిరిగి దొరకడం ఎంత విలువైనదో ఆలోచిస్తే, రైట్ చెప్పిన ఆ రెండు గంటలు తేలిగ్గా తీసేయదగ్గవి కావు.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. గాలి, వెలుతురు మందులకు బదులు కావు. ఎడ్వర్డ్ ట్రూడో అనే డాక్టర్ క్షయతో చనిపోతానని తెలిసే 1873లో న్యూయార్క్ రాష్ట్రంలోని అడిరాండాక్ కొండలకు వెళ్లాడు, అక్కడ ఆరుబయట గడిపి తేరుకున్నాడు, 1880లలో సారనాక్ లేక్‌లో క్షయ రోగులకు శానిటోరియం కట్టాడు. కుందేళ్ల మీద ఒక ప్రయోగం కూడా చేశాడు. క్షయ క్రిములు ఎక్కించి చీకటి గుంటలో ఉంచినవి చాలావరకు చచ్చిపోయాయి, అవే క్రిములు ఎక్కించి ఒక దీవిలో స్వేచ్ఛగా వదిలినవి చాలావరకు బతికాయి. పరిసరాలకు అంత బలం ఉందన్నమాట. కానీ అదే ట్రూడో 1915లో చివరికి క్షయతోనే పోయాడు. ఆ జబ్బుకు అసలు మందు స్ట్రెప్టోమైసిన్‌తో 1940లలో గానీ రాలేదు. చెట్ల కింద బాగుందని మాత్రలు మానేసేవాళ్లు ఈ సంగతి మొత్తం తెలుసుకోవాలి.

సరే, ఎలా మొదలుపెట్టాలి? మొదటి క్యాంపింగ్‌లో రాత్రి ఉండకూడదు. ఆరుబయట ఒక కుర్చీ, ఒక చాప, ఒక ఫ్లాస్కు, రెండు గంటలు, అంతే. అది బాగా జరిగితే తర్వాతిసారి టెంటు వేసి, అందులో మధ్యాహ్నం కునుకు తీసి, సాయంత్రానికి ఇంటికి వచ్చేయడం. రాత్రి గడపడం మూడోసారికో నాలుగోసారికో, అదీ కారు టెంటు పక్కనే ఆగే చోట, ఫోన్ సిగ్నల్ ఉండే చోట, ఆస్పత్రికి ఎంతసేపట్లో చేరగలమో ముందే లెక్క తెలిసిన చోట. ఇంటి ఆవరణలో టెంటు వేసుకున్నా అది క్యాంపింగే, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఎత్తైన కొండల మీదికి మాత్రం తొందరపడకూడదు. 2,500 మీటర్లు దాటితే ఆరోగ్యవంతులకే తలనొప్పి, వికారం వస్తాయి, గుండె లేదా ఊపిరితిత్తుల జబ్బు నుంచి లేచినవాళ్లు అంతకంటే తక్కువ ఎత్తుకైనా డాక్టర్‌ని అడిగాకే వెళ్లాలి.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అసలు తట్టనిది, కోలుకుంటున్నవాళ్లకు క్యాంపింగ్ మొత్తంలో అన్నిటికంటే కష్టమైనది ఒకటుంది: రాత్రి రెండింటికి నేల మీద నుంచి లేవడం. పక్కకు తిరగాలి, మోచేయి ఆనించాలి, మోకాళ్ల మీదికి రావాలి, పట్టుకోవడానికి గోడ లేదు, టెంటు గుడ్డ పట్టుకుంటే అది జారిపోతుంది, స్లీపింగ్ బ్యాగు కాళ్లకు చుట్టుకుని ఉంటుంది, జిప్పు ఎక్కడుందో తెలీదు. బీపీ మందులు వాడేవాళ్లకు, చాలాకాలం మంచాన ఉన్నవాళ్లకు లేవగానే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి, సరిగ్గా ఆ క్షణంలోనే పడిపోతారు. దీనికి పరిష్కారం చాలా మామూలుది. కుర్చీ ఎత్తుండే మడతమంచం. దాని మీద లేచి కూర్చుని, కాళ్లు కిందకు వేలాడేసి, ఒక నిమిషం ఆగి, టార్చి వెలిగించుకుని అప్పుడు నిలబడాలి. టెంటు కూడా లోపల నిలబడగలిగేంత ఎత్తుంటే నడుము వంచే పని తప్పుతుంది. టాయిలెట్ ఎంత దూరమో పగలే ఒకసారి నడిచి చూసుకోవాలి. మంచం కింద నుంచి కూడా చలి వస్తుంది కాబట్టి ఒంటి మీద ఎంత కప్పుకున్నామో కిందా అంత పరుచుకోవాలి, బరువు తగ్గిపోయి ఒంట్లో కొవ్వు లేనివాళ్లకు ఇది మరీ ముఖ్యం.

టెంటు వేసే దగ్గర ఇంట్లోవాళ్లకు, కోలుకుంటున్న మనిషికి తరచూ చిన్న గొడవ అవుతుంది. "నువ్వు కూర్చో, మేం చూసుకుంటాం" అంటారు వాళ్లు. మళ్లీ మంచం కథే. ఛాతీ ఎముక కోసి గుండె ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు 6 నుంచి 12 వారాలు బరువులెత్తడం, తోయడం, లాగడం చేయకూడదు, సుత్తితో మేకులు కొట్టడం అందులోకే వస్తుంది, కాబట్టి అక్కడ ఇంట్లోవాళ్ల మాటే నెగ్గాలి. అలాంటి ఇబ్బంది లేనప్పుడు పనిని ముక్కలు చేసుకుంటే సరిపోతుంది. మేకులు లెక్కపెట్టడం, గుడ్డ ఎటు తిరగాలో చూసి చెప్పడం, కర్రలు ఒకదాంట్లో ఒకటి దూర్చడం కూర్చునే చేయొచ్చు. మధ్యలో పావుగంట ఆగితే టెంటు ఎక్కడికీ పోదు. మాట్లాడుతూ పనిచేయగలుగుతున్నారా అన్నది తేలికైన కొలత, మాట తెగి ఆయాసం వస్తుంటే ఆపేయాల్సిందే.

జాగ్రత్తల్లో కొన్ని జబ్బును బట్టి మారతాయి. కీమో తీసుకుంటున్నవాళ్లకు తెల్లకణాలు సాధారణంగా మందు ఎక్కించిన 7 నుంచి 14 రోజుల మధ్య బాగా పడిపోతాయి, ఆ రోజుల్లో క్యాంపింగ్ పెట్టుకోకూడదు. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ జ్వరం కనిపిస్తే మాత్ర వేసుకుని చూద్దామనుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి, థర్మామీటర్ సంచిలో ఉండాల్సిందే. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు కుళ్లిన ఆకుల కుప్పలు, ఎరువు మట్టి కెలక్కూడదు, వాటిలో ఆస్పర్జిల్లస్ లాంటి బూజు ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రమాదం. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్, గుండె లయ తప్పినప్పుడు ఇచ్చే అమియోడరోన్ లాంటి మందులు వాడుతుంటే ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు తీసుకున్నవాళ్లకు చల్లటి వస్తువు ముట్టుకున్నా వేళ్లు చురుక్కుమంటాయి. ఇన్సులిన్ ఎండలో పాడవుతుంది, గడ్డకట్టినా పాడవుతుంది, ఒకసారి గడ్డకట్టింది కరిగినా వాడకూడదు. కాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లు నెగడు దగ్గర కూర్చుంటే కాలు కాలుతున్న సంగతి తెలియదు, దూరాన్ని చర్మంతో కాకుండా కంటితో కొలుచుకోవాలి. ఇక అందరికీ ఒకే నియమం: ఎంత చలేసినా స్టవ్ గానీ బొగ్గుల కుంపటి గానీ టెంటు లోపలికి తేకూడదు. మంట ఆరిపోయిన బొగ్గుల నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

పైన చెప్పిన "కొంచెం కొంచెంగా పెంచుతూ పోవడం" పనికిరాని మనుషులు కూడా ఉన్నారు. ఎంఈ/సీఎఫ్ఎస్ అనే, ఎంత రెస్ట్ తీసుకున్నా అలసట వదలని జబ్బు ఉన్నవాళ్లకు, కోవిడ్ తర్వాత అలాంటి లక్షణాలే మిగిలిపోయిన కొందరికి, చిన్న శ్రమ చేసినా ఒకటి రెండు రోజుల తర్వాత ఒక్కసారిగా ఒళ్లు కూలబడిపోతుంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2021లో ఈ జబ్బుకు నిర్ణీత పద్ధతిలో వ్యాయామం పెంచుకుంటూ పోయే చికిత్సను సూచించడం మానేసింది. వీళ్లకు కిటికీ పక్కన పక్షుల్ని చూడటమే ఆ రోజుకు సరిపడా క్యాంపింగ్ కావొచ్చు, ఇంకాస్త ప్రయత్నించమని పక్కవాళ్లు పోరు పెట్టడం వాళ్లకు హాని చేస్తుంది.

టెంటులో పడుకున్న మొదటిసారి రాత్రిపూట గుండె కొట్టుకునే చప్పుడు వినిపిస్తుంది. ఇంట్లో ఫ్యాను చప్పుడులో కలిసిపోయేది టెంటులో నిశ్శబ్దంలో పెద్దగా వినబడుతుంది, గుండెపోటు వచ్చి తగ్గినవాళ్లకు అది టెన్షన్ పెట్టే విషయం. క్యాన్సర్ నుంచి బయటపడ్డవాళ్లకు నడుం పట్టేసినా ఇది మళ్లీ అదేనా అన్న భయం. ఈ భయాలు బయటికి వెళ్తే మాయమైపోవు. అయితే కుంగుబాటుకు ఇచ్చే చికిత్సల్లో ఒకటి చెప్పేదేమిటంటే, మనసు కుదిరాక పని చేద్దామని ఆగొద్దు, చిన్న పని మొదలుపెడితే మనసు మెల్లగా వెనకే వస్తుంది అని. రాత్రి భయమేసినప్పుడు లేచి కూర్చుని, పక్కనున్నవాళ్లను లేపి, కాసిని వేడినీళ్లు తాగి మళ్లీ పడుకోవడం కూడా అలాంటి పనే. పక్కన పడుకునేవాళ్లతో ముందే చెప్పుకోవాలి, లేపితే విసుక్కోవద్దని.

ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుంటే చాలా ఉపయోగం. వెళ్లిన రోజు ఎలా ఉందన్నది రాయడం కంటే మర్నాడు, ఆ మర్నాడు ఎలా ఉందన్నది రాయడం ముఖ్యం, ఎందుకంటే అసలు లెక్క తేలేది అప్పుడే. రెండు రోజుల తర్వాత కూడా మామూలుగా ఉంటే తర్వాతిసారి ఒక గంట పెంచొచ్చు, ఒకే ఒక్క విషయం పెంచాలి, దూరమూ రాత్రీ రెండూ ఒకేసారి కాదు. కూలబడితే సగానికి తగ్గించుకుని మళ్లీ మొదలుపెట్టాలి.

చాలామంది లెక్క తప్పేది తిరుగు ప్రయాణంలో. టెంటు వేసేటప్పుడు ఉత్సాహం ఉంటుంది, తీసేటప్పుడు ఉండదు, పైగా మంచుకు తడిసిన గుడ్డ వచ్చేటప్పటి కంటే బరువుంటుంది, మడిస్తే సంచిలో పట్టదు. ఉన్న ఓపికలో సగం మిగిలి ఉండగానే బయల్దేరాలి, ఇంకో గంట ఉందామనిపించినప్పుడే. తడి టెంటును ఎలా ఉన్నదాన్ని అలాగే కారు వెనకాల పడేసి, ఇంటికెళ్లాక ఇంకెవరి చేతైనా ఆరబెట్టించొచ్చు. మేకుల సంచి మాత్రం ఒడిలో పెట్టుకుని, మట్టి దులుపుతూ, వెళ్లినన్నీ వచ్చాయో లేదో లెక్కపెట్టుకుంటూ కూర్చోవచ్చు.